ఉనా కాపలా

మా కిల్డోరాన్‌లో బతికున్నవాళ్లకంటే చచ్చినవాళ్లకే పని ఎక్కువ. ఊళ్లో ఆఖరున ఎవరిని పాతిపెడితే వాళ్ల ఆత్మ సమాధుల దొడ్డి గేటు దగ్గర నిలబడి కాపలా కాయాలి. ఇంకొకరు వచ్చేదాకా సెలవు లేదు. అందుకే మా తాతల కాలంలో ఒకే రోజు రెండు శవాలు లేస్తే, మావాడు ముందంటే మావాడు ముందని మోసేవాళ్లు పరుగులు తీసేవాళ్లు. ఒకసారి వాగు దగ్గర రెండు పెట్టెలూ దింపేసి కర్రలతో కొట్టుకున్నారు. పాదిరి తల బాదుకున్నాడు.

ఆ తర్వాత దొర తన గొర్రెల మేత కోసం ఇళ్లు కూలగొట్టించాడు, వాడి వంశం నాశనంగానూ. జనం ఓడలెక్కి పోయారు. మిగిలినవి మూడిళ్లు: నాది, కాలం చేసిన మా తమ్ముడి పెళ్లాం ఎఫీది, గొర్రెలకాపరి టోర్కిల్ మామది. మనుషులే లేని ఊళ్లో చావులు మాత్రం ఎక్కణ్ణించి వస్తాయి?

ఆఖరున పాతింది ఎఫీ కూతుర్ని, నా మేనకోడలు ఉనాని. ఇంకా పాలపళ్లయినా ఊడలేదు. గొంతువాపు జ్వరం మింగేసింది. అప్పట్నించీ ఎఫీ రోజూ సాయంత్రం గేటు దగ్గరికెళ్లి పిల్లతో కబుర్లు చెప్పొచ్చేది. పిచ్చిమొహమా, మంచులో చస్తావని తిట్టేదాన్ని. ఓసారి లాక్కొద్దామని నేనూ వెళ్లాను. గేటు పట్టుకుంటే ఇనుమంతా గడ్డకట్టి ఉంది. పిల్ల చెయ్యి ఆనే ఎత్తులో మాత్రం వెచ్చగా తగిలింది. మళ్లీ తిట్టలేదు.

ఈలోగా కౌంటీ ఆఫీసువాళ్లొచ్చి, చలికాలం దాటితే ఆ దొడ్డి మూసేస్తామని, ఇకమీదట శవాలన్నీ రోడ్డు పక్క కొత్త స్థలానికేనని చెప్పిపోయారు. ఈలోపల ఎవరూ పోకపోతే ఉనా కల్పాంతం దాకా ఆ చలిలో నిలబడాల్సిందే.

టోర్కిల్ మామ అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. ఆయన పెళ్లాన్ని ఇన్వర్‌నెస్ పట్నంలో పాతారు, పక్కనే ఈయనకీ చోటుంచారు. ఎఫీ రోజూ గొర్రెమాంసం చారు కాచి పట్టుకెళ్లేది. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. మామ చెంచా కింద పెట్టి, "చారు బాగుందే అమ్మాయ్. నేనింకా ఉన్నాననే దిగులే నీ మొహంలో బాగాలేదు" అన్నాడు.

ఎఫీ సిగ్గుతో చచ్చిపోయి, ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది. మామ చారు గిన్నె పక్కకి జరిపాడు.

"బతుకంతా గొర్రెలకి కాపలా కాశాను. ఒక్కటీ మాట వినేది కాదు. చచ్చినవాళ్లే నయం, పారిపోరు. నన్నిక్కడే పెట్టండి."

"మరి అత్తయ్య?" అన్నాన్నేను.

"నేను ఆలస్యంగా ఇంటికి రావడం దానికి అలవాటే."

ఆ ఏడు మొదటి మంచు కురిసిన వారంలోనే పోయాడు. పట్నం నుంచొచ్చిన ఆయన కొడుకు గొణుక్కుంటూనే తండ్రి మాట చెల్లించాడు. మామని పాతి, మేమిద్దరం తప్ప అందరూ వెళ్లాక ఎఫీ గేటు దగ్గర నిలబడి, "ఇక వెళ్లమ్మా, తాతొచ్చాడు" అంది. ఆ మొహంలో అంత వెలుగు పిల్ల పుట్టిన రోజున చూశాను, మళ్లీ ఆ రోజే.

మర్నాడు సాయంత్రం నేను వాళ్లింట్లో ఉండగానే, అలవాటు కొద్దీ మళ్లీ శాలువా కప్పుకుని బయల్దేరింది. గుమ్మం దాటాక కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి నాకేసి చూసింది.

"ఇన్నాళ్లూ సాయంత్రమైతే నాకో కూతురుండేది వదినా" అంది.