చెక్కపలక మీద బూట్లు

దివాకర్ గారికి మైకు దొరికితే పూనకమే. ఆయన అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఈసారి ఉగాదికి "కల్చరల్ ఎక్స్చేంజ్" అని పేరు పెట్టి, ఒఫేలియా గారి మెక్సికన్ జానపద బృందాన్ని పిలిచారు. పిల్లలకు కొత్త సంగీతం నేర్పించాలన్న తపనేమీ కాదు. టౌన్‌షిప్ ఆఫీసు వాళ్లకు చూపించడానికి ఫొటోలు కావాలి.

మా అమ్మాయి అవనికి పదకొండేళ్లు. లైబ్రరీలో ఒఫేలియా నేర్పే క్లాసుకి మూడు నెలలుగా వెళ్తోంది. వాళ్ల పాటల్లో డప్పు ఉండదు. చెక్కపలక మీద బూటు మడమలతో వేసే దరువే డప్పు. ఆ దరువు వంటింట్లో వేసి వేసి అవని కింది ఫ్లాట్ వాళ్లతో తిట్లు కూడా తిన్నది. ఆ బృందంతో కలిసి నలుగురి ముందు వేయడం ఇదే మొదటిసారి. పొద్దున ఇడ్లీ ముట్టలేదు.

ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత నలభై నిమిషాల ఉపన్యాసం. "అన్ని సంస్కృతులూ మనవే" అన్నారు దివాకర్. అదే నోటితో, వేదిక ఎక్కబోతున్న అవనిని ఆపారు.

"షూస్ తీసెయ్ అమ్మా. దీపం వెలుగుతోంది కదా, ఇక్కడ అందరం సాక్స్‌తోనే ఉన్నాం."

"అంకుల్, షూస్ లేకపోతే సౌండ్ రాదు."

"పర్లేదు, ఊరికే డాన్స్ చెయ్యి. వీడియోకి అది చాలు."

చేతులు కట్టేసి తబలా వాయించమన్నట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మెదపలేదు. కమిటీలో నా పేరూ ఉంది మరి! ఆ పిరికితనానికి ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. అవని కళ్లనిండా నీళ్లతో లేసులు విప్పడానికి వంగింది.

ఒఫేలియా దాని భుజం పట్టి లేపింది. గొడవేమీ పడలేదు. వేదిక మీదున్న చెక్కపలకను కిందికి దింపించి, హాలు చివర బిర్యానీ లైను పక్కన వేయించింది.

"మా ఊళ్లో ఇది జనం మధ్యలోనే. స్టేజ్‌తో పనేముంది?" అంది ఇంగ్లీషులో.

చిన్న గిటార్లు మోగాయి. అవని మడమలు వాటితో కలిశాయి. ప్లేట్లు పట్టుకుని జనం చుట్టూ చేరారు. పిల్లలు ఒక్కొక్కరే బూట్లు తొడుక్కుని వచ్చి, అవని పక్కన అడుగు నేర్చుకున్నారు.

వేదిక మీద మళ్లీ మైకు అందుకున్నా, ఖాళీ కుర్చీలకు ఎంతసేపని ఉపన్యాసం ఇస్తారు పాపం! శాలువా చంకలో పెట్టుకుని, ఫొటోగ్రాఫర్‌ని వెంటేసుకుని దివాకర్ పరిగెత్తుకొచ్చారు. పలక ఎక్కి అవని పక్కన నిలబడబోయారు.

అవని ఆయన సాక్స్ వైపు చూసింది.

"సారీ అంకుల్. షూస్ వేసుకుని రండి. ఇక్కడ అందరం షూస్‌తోనే ఉన్నాం."