ఒక కొమ్ము తేడా

అంట్లు తోముతూ ఈ ఏడాది పదకొండు నవలలు పూర్తిచేశాను. ఆ మాట ఒకరోజు భోజనాల దగ్గర అంటే మావారు కంచంలోంచి తలెత్తి, "పూర్తిచేశాను కాదు, విన్నాను అను. రేడియోలో వార్తలు విని పేపరు చదివానంటారా ఎవరైనా?" అన్నారు. మా అత్తగారికి ఆ తేడాతో పనిలేదు. "చెవిలో ఆ బుడిపె పెట్టుకుందంటే ఇల్లు కూలినా తెలీదు దీనికి" అంటారావిడ. తెలియకపోవడమా! ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ఎడమ చెవి ఒక్కటే నవలది. కుడి చెవి ఎప్పుడూ ఇంటిదే. కథలో తల్లి ప్రాణం పోతూ కొడుక్కి చివరి మాట చెప్పబోతుంటే, కుడి చెవిలోకి "నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అని వస్తుంది. ఆ తల్లి ఏం చెప్పిందో వినడానికి మూడుసార్లు వెనక్కి వెళ్లాను. మూడుసార్లూ చొక్కాయే అడ్డొచ్చింది.

అయినా నాకు అభిప్రాయాలున్నాయి. మూడు తరాల కుటుంబం మీద ఒక లావుపాటి నవల ఉంది, అందరూ ఆహా ఓహో అన్నది. అందులో ప్రతి అధ్యాయంలోనూ అందరూ తింటూనే ఉంటారు, వండినవాళ్లు ఒక్కరూ కనపడరు. తెల్లవారుజామున లేచి జీవితంలో గెలవడం ఎలాగో చెప్పే పుస్తకం ఇంకొకటి. రాసినాయన లేచి వ్యాయామం చేసి, డైరీ రాసుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని బయటపడతాడు. ఆ ఇస్త్రీ ఎవరు చేశారో ఆయన గెలుపు సూత్రాల్లో లేదు. ఒక అపరాధ పరిశోధన కథ చదివిన గొంతు మీదా నాకు కోపమే. మగవాళ్ల మాటలన్నీ మామూలు గొంతుతో చదివి, ఆడవాళ్ల మాటలు రాగానే ముక్కుతో సాగదీస్తాడు. శవం దొరికిందని చెప్పే డాక్టరమ్మ కూడా గారాలు పోతున్నట్టే వినపడుతుంది.

ఈ అభిప్రాయాలు మావారికి పనికొచ్చాయి. ప్రతి నెలా రెండో ఆదివారం లైబ్రరీలో పాఠకుల సమావేశం జరుగుతుంది. అందులో ఆయనకి మంచి పేరు. ముందురోజు సోఫాలో కాళ్లు చాపుకుని, "ఇదిగో, ఆ నవల గురించి నాలుగు ముక్కలు చెప్పు. ఆఫీసులో ఊపిరాడలేదు నాకు" అంటారు. నేను బట్టలు మడతపెడుతూ చెబుతాను. ఆయన ఫోనులో టకటకా కొట్టుకుంటారు. నేను మాట్లాడుతుంటే ఒక మనిషి రాసుకోవడం నాకు కొత్త. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మొన్న సమావేశానికి కుటుంబాలతో రమ్మన్నారు. నేనొక కుర్చీ చూసుకుని కూర్చోబోతుంటే కార్యదర్శి వచ్చి, "అమ్మా, ఆ టీలు కాస్త అందరికీ అందేలా చూస్తారా?" అన్నాడు. ఆ గదిలో ఖాళీ చేతులు పాతిక జతలున్నాయి. ట్రే మాత్రం నా చేతికే వచ్చింది.

మావారు లేచారు. "అందరూ తింటూనే ఉంటారండీ, వండినవాళ్లు ఒక్కరూ కనపడరు" అన్నారు. చప్పట్లు మోగాయి. నేను ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నానో సరిగ్గా అక్కడే ఆగారు. "ఎంత సున్నితమైన చూపు సార్ మీది!" అన్నాడు ముందు వరసలో ఒకాయన. పొద్దున ఆ సున్నితమైన చూపు తిన్న కంచం కూడా తీయకుండా లేచి వెళ్లిపోయింది.

తర్వాత కొత్త నవల. ఎవరు పడితే వాళ్లు వచ్చిపోయే ఇంట్లో, ఎప్పుడూ ఏదో ఆలోచించుకుంటూ బతికే ఒకావిడ కథ. "చివరి వాక్యం చూడండి. 'ఆమె తన తలుపులన్నీ మూసేసింది.' అందరికీ తెరిచి ఉంచిన ఇంటిని మొదటిసారి తన ఒక్కదానికోసం మూసుకుంది. ఈ ఒక్క వాక్యానికే పుస్తకం కొనొచ్చు" అన్నారు మావారు. అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పినదే.

లైబ్రేరియన్ పుస్తకం తెరిచింది. "తలుపులు కాదండీ, తలపులు. 'తన తలపులన్నీ మూసేసింది.' లకి కొమ్ము లేదిక్కడ. మీరు ఏ ముద్రణ చదివారు?"

గది అంతా ఆయనవైపు చూసింది. ఆయన నావైపు చూశారు.

"అబ్బే, మా ఆవిడ చెప్పిందండీ. పనిచేసుకుంటూ ఏదో వింటుంటుంది. నేనూ నమ్మేశాను."

"వంటింట్లో కుక్కరు కూతకి తలపులు కాస్తా తలుపులయ్యాయన్నమాట!" అన్నాడు కార్యదర్శి. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మావారు నవ్వారు.

పొరపాటు నిజమే. చదివిన గొంతు తడబడిందో, కుళాయి చప్పుడులో నేనే పొరబడ్డానో తెలియదు. కానీ ఇన్ని నెలలుగా ఆయన నోట వచ్చిన ఒప్పులన్నీ ఆయనవి. ఒక్క తప్పు దొరికిందో లేదో, దానికి మాత్రం నేను గుర్తొచ్చాను. చప్పట్ల దగ్గర లేని 'మా ఆవిడ' నవ్వుల దగ్గర ఎక్కడినుంచి వచ్చింది?

లైబ్రేరియన్ నవ్వలేదు. పుస్తకం మూయకుండా, "అయితే ఇందాకటి 'వండినవాళ్లు' మాట ఎవరిదండీ?" అని అడిగింది, ఆయన్ని కాదు, నన్ను.

మావారు కళ్లతోనే వద్దన్నారు. ఆ సైగ నాకు తెలుసు. చుట్టాల ముందు, ఆయన పై అధికారి ముందు ఎన్నోసార్లు చూసి నోరు మూసుకున్నదాన్నే. ట్రే పుస్తకాల బల్ల మీద పెట్టి, "ఒకసారి ఆ పేజీ ఇలా ఇస్తారా?" అన్నాను. కళ్లతో చదివాను. నిజమే, కొమ్ము లేదు. అంటే ఇరవై రెండు అధ్యాయాలపాటు ఆలోచించిన మనిషి చేత చివరికి ఆలోచించడమే మాన్పించింది ఆ రచయిత్రి. ఒళ్లు మండింది నాకు. అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఆ మాట నాదేనండీ. ఈ తప్పూ నాదే. ఇప్పుడు సరిగ్గా చదివాను కాబట్టి చెబుతున్నాను. ఈ ముగింపు నాకు నచ్చలేదు. ఇందాక మావారు చెప్పిన అభిప్రాయాన్ని నేను మార్చుకుంటున్నాను."