చివరి కుర్చీ

కొత్త వైడ్ లెన్స్‌ను పరీక్షించడానికి దేవదానం పొద్దున్నే తాడేపల్లిగూడెంలో తమ చర్చి ఇటుక గోడను ఫొటో తీశాడు. నడుమ ఇటుకలు గీసినట్టున్నాయి. అంచుల్లోనూ మసక లేదు, కానీ అక్కడి ఇటుకలు బాగా పక్కకి సాగాయి. అతనికి కావలసింది అదే.

రెండేళ్ళ కిందట గ్రూపు ఫొటోలో, దగ్గుతోందని అతని భార్య మార్తమ్మను నడుమ నుంచి లేపి చివరికి పంపింది సంఘపెద్ద ఎలీషా. దేవదానం నోరెత్తకుండా అప్పటి వైడ్ లెన్స్‌తోనే తీశాడు. ఆమె ఆఖరి ఫొటోలో ముఖం సొరకాయలా సాగింది. ఇవాళ మళ్ళీ సంఘం గ్రూపు ఫొటో.

"ఎలీషా గారూ, మీరు ఆ చివరి కుర్చీలో కూర్చోండి. నిండుగా కనబడతారండి."

ఎలీషా సంతోషంగా కూర్చున్నాడు. ఆయన భార్య మెర్సీ వచ్చి పక్కన నిలబడింది. మార్తమ్మ మంచాన ఉన్నన్నాళ్ళూ జావ కాచి తెచ్చిన మనిషి.

"అమ్మా, మీరు నడుమకి రండి."

"వద్దండీ, ఈయన పక్కనే ఉంటాను."

కెమెరాలో ఇద్దరి ముఖాలూ సాగుతున్నాయి. దేవదానం లెన్స్ ఊడదీసి, మామూలు లెన్స్ బిగించి, అందరూ పట్టేలా గేటు దాకా వెనక్కి నడిచాడు.

"ఏవండీ, కొత్తది పనిచెయ్యట్లేదా?" అన్నాడు ఎలీషా.

"బ్రహ్మాండంగా పనిచేస్తుందండి. మీరొక్కరే ఉన్నప్పుడు తీస్తాను."