నా సముద్రంలో ఉప్పు

నేను ఒక సైన్సు పటాన్ని. పైనా కిందా కర్రలు దూర్చిన గుడ్డ మీద సముద్రం, దాని పైన ఆకాశం, రెంటికీ మధ్య ఒక బాణం గుర్తు. అడుగున పెద్ద అక్షరాలతో 'సముద్రపు నీలం ప్రతిబింబించడం వల్ల ఆకాశం నీలంగా కనిపిస్తుంది' అని ఉంటుంది. చదివారు కదా, ఇక మరిచిపోండి. అది పచ్చి అబద్ధం. పద్దెనిమిదేళ్లు దాన్ని మొహాన పూసుకుని కదిరి వైపు ఒక పల్లె బడిలో వేలాడాను.

తనిఖీకి అధికారి వస్తున్నాడని కబురు అందగానే సైన్సు సారు ఓబులేసుకు గోడ బోసిగా కనబడింది. పెయింటర్ మస్తాన్‌వలిని పిలిపించాడు. ఎరువుల దుకాణం తలుపులకు వేయగా డబ్బాడు నీలం రంగు మిగిలిందన్నాడు వలి. నీలం బాగా పట్టే పాఠం ఏముందా అని సారు ఆలోచించి, చిన్నప్పుడెప్పుడో విన్నదాన్ని పుస్తకం తెరవకుండానే చెప్పేశాడు. అధికారి 'భేష్' అన్నాడు. ఆయన మెచ్చింది రంగునే అని తెలిసీ నేను ఉబ్బిపోయాను.

పదో తరగతిలో చౌడేశ్వరి అనే అమ్మాయి ఉండేది. వాళ్లింట్లో బర్రెలు ఉండేవి. వాటిని మేపుతూ రోజంతా ఆకాశం చూసిన పిల్ల. ఒకరోజు లేచి నిలబడింది.

"సార్, సముద్రం మనకు శానా దూరం గదా. మన ఊర్లో ఆకాశం యాల నీలంగా ఉండాది? పొద్దు గుంకేటప్పుడు ఎర్రగా అయితాదే, అప్పుడు సముద్రం గూడా ఎర్రగా అయితాదా?"

ఎంత చక్కటి ప్రశ్న! సారుకు జవాబు తెలియలేదు. తెలియదనడం ఆయనకు రాలేదు. "పటంలో ఉండేది అబద్ధమా? నువ్వు పెద్ద సైంటిస్టు అయినావా?" అన్నాడు. తరగతి గొల్లుమంది.

గోడకు మొహం పెట్టి నిలబెట్టడం ఆ బడిలో శిక్ష. చౌడేశ్వరిని నా ముందే నిలబెట్టారు. పీరియడంతా నా అబద్ధాన్ని పైకి చదువుతూనే ఉంది. ఆమె కన్నీటిబొట్టు ఒకటి నా నీలం మీద పడి అక్కడే ఆరిపోయింది. నా సముద్రంలో నిజంగా ఉప్పు ఉన్నది ఆ ఒక్క చోటే. నోరు లేనిదాన్ని, ఏం చేయగలను? కర్రలోంచి జారి కింద పడినా బాగుండేది. అదీ చేయలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత ఆమె చెయ్యెత్తలేదు. ఇంటర్లో సైన్సు తీసుకోవాలని ఎంతో ఆశపడిన పిల్ల, పది పాసై కూడా 'సైన్సు నాకు రాదులే' అని చదువు మానేసి పాలు పోయడానికి తిరుగుతోందని పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను.

రెండేళ్లకు సారు వేసవి శిక్షణకు వెళ్లి, వాడిన మొహంతో తిరిగి వచ్చాడు. బడి తెరిచాక గాజుతొట్టి నిండా నీళ్లు పోయించి, గది తలుపులు మూయించాడు. స్టాఫ్ రూముకు టీ పాలు తెచ్చిన చౌడేశ్వరిని ఆయనే లోపలికి పిలిచాడు. నీళ్లలో నాలుగు చుక్కలు పాలు వేసి, ఒక పక్కనుంచి టార్చి వేశాడు. ఎదురుగా చూస్తే వెలుగు ఎర్రబారి ఉంది. పక్కనుంచి చూస్తే తొట్టి లేత నీలం.

"ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. గాలి అందులో నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాది. అందుకే ఏ దిక్కు చూసినా నీలమే. సాయంత్రం ఎండ శానా గాలి దాటి రావాల. నీలం దోవలోనే చెదిరిపోయి ఎరుపు మిగుల్తాది" అన్నాడు సారు. చౌడేశ్వరి వైపు తిరిగి, "పటంలో తప్పు ఉండాది, పాపా" అన్నాడు.

చౌడేశ్వరి తొట్టి మీద నుంచి చూపు తిప్పలేదు.

"పటం దానంతట అదే రాసుకొనిందా సార్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు టార్చి కింద పెట్టాడు. "లేదు. నేనే రాయించినా. నువ్వు అడిగిందే సరి. నాకు తెలీక నిన్ను నిలబెట్టినా" అన్నాడు పిల్లలందరి ముందూ. ఇంటర్ సైన్సుకు దరఖాస్తు తెప్పిస్తానన్నాడు. "సూస్తాలే సార్" అని ఆమె పాలక్యాను అందుకుంది. గడప దాకా పోయి, మళ్లీ వచ్చి, "ఇంగొక్కసారి టార్చి ఎయ్యండి" అంది.

ఆ సాయంత్రం సారు నన్ను తిప్పి తగిలించాడు. వెనక తెల్లగుడ్డ మీద ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ రాయించాడు, పేరుతో సహా. నేను మాత్రం గోడకు మొహం పెట్టి నిలబడి ఉన్నాను. చౌడేశ్వరి నిలబడింది ఒక్క పీరియడే. నన్ను ఎవరూ మళ్లీ తరగతి వైపు తిప్పకపోతే బాగుండును.