అంచు మడత

రాందాస్ చౌరస్తాలో నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టారు. సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సులు డిపో దాటలేదు, బడులు తెరవలేదు. పంతుళ్లూ గుమస్తాలూ కలిసి పెద్ద గుండిగలో కిచిడీ వండుతూ నినాదాలు ఇస్తుంటే, వాళ్ల చుట్టూ తాడు పట్టుకుని కానిస్టేబుళ్లు నిలబడ్డారు. ఆ కానిస్టేబుళ్లలో ఎల్లం పొద్దున ఐదింటికి వచ్చినవాడు. ఇప్పుడు పన్నెండున్నర. అప్పటి నుంచి కడుపులో పడ్డది రెండు గ్లాసుల చాయ్.

"సిపాయన్నా, జర ఇంత కిచిడీ తిను. తెలంగాణ వస్తె నీకు సుత వస్తది గదా!" అని ఒక పంతులు విస్తరి చాపాడు.

"డ్యూటీల ఉన్న సార్" అన్నాడు ఎల్లం, నోరూరుతున్నా.

అప్పుడే సందులోంచి కరుణాకర్ కొత్త బండి మీద వచ్చాడు. రాత్రంతా ఠాణాలో సెంట్రీ డ్యూటీ చేసి పొద్దున దిగినవాడు. ఇంటికి పోయి పడుకోవాలి. పడుకోలేదు. పైన తెల్ల చొక్కా, కింద ఖాకీ ప్యాంటు, కాళ్లకు మెరిసే ఎర్ర బూట్లు. నడుము పైన మామూలు మనిషి, కింద పోలీసు. చూసేవాళ్లకు కింది సగం కనపడితే చాలు, వేరే చెప్పాల్సిన పని లేదు.

"నీళ్లు తాగినవా అన్నా?" అని చెయ్యూపి, రామాయంపేట రోడ్డు పట్టి పోయాడు.

ఎల్లం కడుపు భగ్గుమంది. అది ఆకలి మంట కాదు.

ఆ రోడ్డు మీదే చంద్రకాంత్ సేట్ ప్లాట్ల వెంచర్ ఉంది. దాని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే పూటకు రెండొందలు. కూర్చోవడమే పని. ఎవరినీ కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. తన ఎకరంలో ఇరవై గుంటలు గేటు లోపలికి పోయాయని మొత్తుకునే భూమయ్య, ఆ బూట్లు చూసి రోడ్డు అవతలే ఆగిపోతాడు. అక్కడి నుంచి ఠాణాకు వస్తే ఒక్కోసారి అవే బూట్లు ఠాణా గడపలోనూ ఎదురవుతాయి.

రెండేళ్ల కింద ఎల్లం కూడా ఒక పని అడిగాడు. డ్యూటీ దిగాక సాయంత్రాలు బామ్మర్ది జిరాక్స్ దుకాణంలో జనానికి అర్జీలు రాసిపెడతానని, అనుమతి ఇప్పించమని, చేతులు కట్టుకుని పద్ధతిగా అర్జీ పెట్టుకున్నాడు. ప్రభుత్వోద్యోగి ప్రైవేటు పని చేయరాదని నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. అడిగినవాడికి కాగితం దక్కింది, అడగనివాడికి ఫ్రిజ్ దక్కింది!

ఆ ఫ్రిజ్జే ఎల్లం ప్రాణం తీస్తోంది. ఇద్దరివీ పక్కపక్క పోర్షన్లు, మధ్యలో నడుమెత్తు గోడ. జీతాలు ఇంచుమించు ఒకటే. రోజూ మధ్యాహ్నం కరుణాకర్ భార్య దేవిక చల్లటి నీళ్ల సీసా ఆ గోడ మీద పెడుతుంది. "పాపం, ఎండకెళ్లి వస్తరు" అంటుంది. సువర్ణ దాన్ని సంతోషంగా తెచ్చి మొగుడి ముందు పెడుతుంది. ఎల్లం గటగటా తాగుతాడు. గొంతు చల్లబడుతుంది, గుండె కాలుతుంది. దేవిక గయ్యాళిదైనా బాగుండేది, కసితీరా తిట్టుకునేవాడు. ఆమె మంచితనమే అతనికి ముల్లులా గుచ్చుకునేది.

ఆ ముల్లుతోనే పోయిన వారం సంగారెడ్డిలోని ఎస్పీ పెద్దసారుకు పేరు లేని అర్జీ రాశాడు. ఠాణాలో రైటర్ అతనే. పంచనామాలూ వాంగ్మూలాలూ అన్నీ అతని చేతి రాతే. అందుకే ఎడమ చేత్తో వంకరటింకరగా రాశాడు. సమన్లు ఇవ్వడానికి కౌడిపల్లి పోయినప్పుడు అక్కడి పోస్టు డబ్బాలో వేశాడు. భూమయ్య గోడు కూడా అందులో ఎక్కించాడు. అలా రాస్తుంటే తనది అసూయ కాదు, న్యాయమేనని కాసేపు అనిపించింది.

ఒంటి గంటకు, రైటర్ రావాలని ఠాణా నుంచి ఎల్లంకు పిలుపు వచ్చింది.

బయట బల్ల మీద భూమయ్య ఎప్పటిలాగే పాసుబుక్కు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఎస్సై రఘుపతి, ఎదురుగా గేటు నుంచి పిలిపించిన కరుణాకర్. బల్ల మీద ఆ అర్జీ.

"పెద్దసారు కాడికెళ్లి వచ్చింది, నా చేతుల ఏం లేదు. సస్పెన్షన్‌కు రాస్తున్న" అన్నాడు ఎస్సై.

"సేట్‌కు నన్ను చూపించింది మీరే గద సార్" అన్నాడు కరుణాకర్ మెల్లగా.

"నోటి మాటకు సాక్షి ఉన్నడా?"

కరుణాకర్ అర్జీ చేతిలోకి తీసుకున్నాడు. రాత గుర్తుపట్టలేదు. కాగితం తిప్పాడు. ఎడమ అంచున నాలుగో వంతు దగ్గర, గోటితో గీకి పెట్టిన నిలువు మడత. మడత ఇవతల ఒక్క అక్షరం లేదు. పదహారేళ్లుగా రోజుకు పది కాగితాలు అలా మడిచి మార్జిన్ వదిలిన ఎల్లం చేతికి, పేరు దాచుకోవడం గుర్తుంది గాని, మడవకుండా ఉండడం గుర్తులేదు.

కరుణాకర్ తల ఎత్తి ఎల్లం వైపు చూశాడు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, సెల్యూట్ కొట్టి బయటికి పోయాడు. తిట్టి ఉంటే ఎల్లం తట్టుకునేవాడు.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "సేట్ ఫోన్ చేసిండు. గేటు ఖాళీ ఉండొద్దట. రేపటి సంది నువ్వు పో. అప్పట్ల పర్మిషన్ అడిగితివి గద? కాగితం అక్కర్లేదు, నేనున్న."

ఎల్లం కళ్ల ముందు నీలం రంగు ఫ్రిజ్ మెదిలింది. తన ఇంట్లో, గోడకు తన వైపున. దాని తలుపు తీస్తూ సువర్ణ. ఇన్నాళ్లూ కోరింది ఇదే, అబద్ధం ఎందుకు? మంచిది సార్ అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. తెరిచిన తలుపులోంచి భూమయ్య కనిపించాడు. ముసలాయన ఎల్లం ముఖం చూడడం లేదు, బూట్లు చూస్తున్నాడు.

"నేను పోను సార్."

"ఏంది?"

"గా భూమయ్య ఫిర్యాదు రాసుకోవాల్సింది నేను. మళ్ల గాయిన్ని ఆపెటందుకు గేటు కాడ నేనే నిలబడాల్నా?" బల్ల మీది కాగితం వైపు చెయ్యి చాపాడు. "గా అర్జీ నేనే రాసిన సార్. కరుణాకర్ మీద కండ్లల్ల నిప్పులు పోసుకొని రాసిన. అయినా గా కాగితంల ఉన్నది నిజమే. రేపు నేను పోయినా గదే నిజం. గేటుకు పంపింది మీరని సుత రాసుకోండ్రి, సాక్షి నేనుంట."

"పోరా బయటికి! నీ సంగతి చూస్త."

బయట కరుణాకర్ బండి లేదు. ఎల్లం మండుటెండలో ఇంటికి నడిచాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. గోడ మీద నీళ్ల సీసా ఉంది, ఎప్పటిలాగే. ఇప్పుడే పెట్టినట్టు దాని మీద చెమట కారుతోంది. అంటే కరుణాకర్ ఇంకా ఇంటికి వచ్చి సంగతి చెప్పలేదు.

"తాగు" అంది సువర్ణ. "దేవికక్క ఇప్పుడే పెట్టింది. ఆయన ఠాణాకు పోయిండట, నీకు కనపడ్డడా అని అడుగుతుంది."

ఎల్లం సీసా ముట్టలేదు. గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"చెల్లె, జర బయటికి రా. నీతోని ఒక మాట చెప్పాలె."

దేవిక తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అతని ఎండిన పెదవులు చూసి సీసా తీసి, మూత విప్పి చేతికి అందించింది.

"ముందుగాల నీళ్లు తాగన్నా, మాట ఏడికి పోతది?"