ముందుగా అంటే ఎప్పుడు

విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. విరామ చిహ్నాల దగ్గర కూడా రాజీపడదని అందరూ కామా మేడం అనేవారు.

ఆ ఏడాది ఎక్కడో రెండు దేశాలు ఒక ఆనకట్ట విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం మెట్లెక్కాయి. ఉమ్మడి నది మీద ఏం కట్టినా పక్క దేశానికి ముందుగా చెప్పాలని చాలా దేశాలు కలిసి రాసుకున్న ఒప్పందం ఉంది. పునాది తీయకముందే చెప్పాలని ఒకరు, గేట్లు మూసేలోపు చెబితే చాలని ఇంకొకరు. ఆ ఒప్పందం మీద కామా మేడం వాళ్ల దేశం సంతకమూ ఉంది కనక, కేసులో కలగజేసుకుని ఆ మాటకు తన అర్థం చెప్పుకోవచ్చు. గడువు శుక్రవారం సాయంత్రం.

మంత్రిగారికి కలగజేసుకోవాలనే ఉంది, కానీ ఎవరికీ కోపం రాకూడదు. కామా మేడం పదకొండు పేజీలు రాసి పంపింది. ఒక దేశం మనకు గోధుమలు అమ్ముతోందని వాణిజ్య శాఖ కొంత కొట్టేసింది. రెండో దేశంతో సైనిక విన్యాసాలున్నాయని రక్షణ శాఖ ఇంకొంత లేపేసింది. ‘అభిప్రాయపడుతున్నాం’ అన్నది దురుసుగా ఉందని ఎవరో పుణ్యాత్ముడు ‘అభిప్రాయపడే అవకాశాన్ని పరిశీలిస్తున్నాం’ అని దిద్దాడు. శుక్రవారం పొద్దున ఫైలు తిరిగొచ్చేసరికి నమస్కారాలు, కృతజ్ఞతలే మిగిలాయి. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. తను రాసిందీ, తిరిగొచ్చిందీ రెండూ పట్టుకుని తిన్నగా మంత్రిగారి గదికి వెళ్లింది.

ఆయన రెండూ చదివి, కళ్లజోడు తీసి, ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో మనకెందుకంటారేమోనని నసిగాడు.

"మేడ మీద ఏం కట్టినా ముందుగా చెప్పాలని మా తోడికోడళ్లం ముగ్గురం కాగితం రాసుకున్నాం సార్. రెండో ఆవిడ గది కట్టేసి, రంగు వేసేముందు చెప్పింది. మా పెద్దావిడ అగ్గిమీద గుగ్గిలం."

"మీరేం చేశారు?"

"తప్పెవరిదో అనలేదు. ముందుగా అంటే ఇటుకలు దించకముందని మాత్రం అన్నాను. ఊరుకుంటే రేపు నా నెత్తిన కూడా గది లేస్తుంది కదా."

"వాళ్లు మీతో మాట్లాడుతున్నారా?"

"పెద్దావిడ ఆ రోజే మాట్లాడింది. రెండో ఆవిడకు నెల పట్టింది."

మంత్రిగారు లోలోపల లెక్కేసుకున్నాడు. నెల రోజులైతే ఓర్చుకోగలననుకున్నాడో ఏమో, పదకొండు పేజీల కాగితం మీదే సంతకం పెట్టాడు. గడువుకు నలభై నిమిషాల ముందు అది న్యాయస్థానానికి చేరింది.

సోమవారం ఒక రాయబారి ముఖం మాడ్చుకుని వచ్చాడు. రెండో ఆయన నవ్వుతూ వచ్చి, తమ పేరెత్తి మెచ్చుకోలేదేమని అలిగి వెళ్లాడు. ఏడాదిన్నరకు తీర్పు వచ్చింది. ముందుగా అంటే పని మొదలుపెట్టకముందేనని తేల్చారు. ఆవిడ వాదన తీర్పులో ఒక పేరా పొడుగునా ఉంది, దేశం పేరు మాత్రం పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది. ఇదంతా మొదట్నుంచీ తామే చెబుతున్నామని వాణిజ్య శాఖవాళ్లు నోటు పంపారు.

కామా మేడం ఆ పేరా రెండుసార్లు చదువుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇంటికెళ్లి హాయిగా పడుకుంది.