తిన్నగా ఉన్న కేబుల్

నేను వైర్లు, స్విచ్చులు అమ్ముకునేవాణ్ణి. చేత్తో పట్టి చూడని సరుకు కొనను, వెలిగించి చూపని బల్బు అమ్మను. మా అక్క వ్యాపారం వేరు. ఆమె దగ్గర ఎంబ్రాయిడరీ మెషిను ఉంది. కంప్యూటరులో గీసిన బొమ్మను ఒక కేబుల్ గుండా పంపితే, ఆ మెషిను చొక్కా జేబు మీదో టోపీ మీదో దాన్ని దారంతో కుట్టిపెడుతుంది. బడి పిల్లలకు బ్యాడ్జీలు, ఆటల జట్లకు గుర్తులు, బ్యాండు వాళ్ళ కోట్లకు పక్షులు. చూసేవాడికి మెషినే ఆస్తి అనిపిస్తుంది. లెక్క తెలిసినవాడు ఆ బొమ్మలే ఆస్తి అంటాడు. పాత ఖాతాదారు వచ్చి "పోయినసారి లాంటిదే కావాలి" అంటే, పోయినసారిది చూపించగలిగితేనే బేరం. లేదంటే పక్క వీధికి పోతాడు.

ఆ బొమ్మలన్నీ ఒక్క పాత కంప్యూటరులో ఉన్నాయి. దాని ఫ్లాపీ డ్రైవు ఎప్పుడో పోయింది, పెన్‌డ్రైవు పెట్టే చోటే లేదు. ఈమధ్య లోపలి డిస్కు కూడా మిక్సీలో గులకరాయి పడ్డట్టు చప్పుడు మొదలుపెట్టింది. రిపేరు చేసే అతను చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపాడు. "ఆపారంటే మళ్ళీ లేస్తుందని చెప్పలేను. నడుస్తుండగానే ఏదో ఒక దారిన సరుకు బయటికి లాగేయండి" అన్నాడు.

ఉన్నది ఒక్కటే దారి. కంప్యూటరు వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. మెషినుకు బొమ్మలు వెళ్ళేది అక్కణ్ణుంచే.

అక్క అప్పటికే ఆశ వదిలేసుకుంది. మెషినును అమ్మేస్తానని ఒకాయనతో అనేసింది. బయానా తీసుకోలేదు కానీ, ఆయన మధ్యాహ్నం వ్యాను తీసుకుని వస్తానన్నాడు.

"బొమ్మల్లేని మెషిను ఉత్త ఇనుమేరా" అంది నాతో. "నా మణికట్టు నొప్పి చూశావుగా. అవన్నీ మళ్ళీ గీయడం ఈ చేత్తో అయ్యే పని కాదు."

మా దుకాణం అటక మీద ఇంకో పాత కంప్యూటరు ఉంది. మూసేసిన ఆఫీసు సామానంతా గంపగుత్తగా కొన్నప్పుడు కలిసొచ్చింది. దానికీ అదే తొమ్మిది పిన్నుల పోర్టు ఉంది. పైగా పెన్‌డ్రైవు కూడా పడుతుంది. ఇటు ఒకటి, అటు ఒకటి, మధ్యలో కేబుల్. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి బొమ్మలు బయటపడతాయి, వచ్చినాయన ఖాళీ వ్యానుతో వెళ్ళిపోతాడని నా లెక్క.

కేబుల్ ముందురోజే కొన్నాను, పాత సామాన్లమ్మే గుండు అనేవాడి దగ్గర. నేను వైర్ల వ్యాపారిని కదా, ఎక్కడికెళ్ళినా జేబులో చిన్న బల్బూ బ్యాటరీ ఉంటాయి. గుండు ఇచ్చిన మొదటి కేబుల్‌ను గల్లా మీదే పరీక్షించాను. ఈ చివర రెండో పిన్నూ ఆ చివర రెండో పిన్నూ పట్టుకుంటే బల్బు వెలగలేదు. మూడోది వెలగలేదు. ఏడు, ఎనిమిది కూడా అంతే.

"పాడైన సరుకు నాకే అంటగడతావేంటి?" అన్నాను.

"ఎలా వచ్చిందో అలాగే ఇచ్చానన్నా. నాకేం తెలుసు?"

దాన్ని వెనక్కి విసిరేసి ఇంకోటి తీయించాను. ఒకటికి ఒకటి, రెండుకి రెండు, తొమ్మిదీ ధగధగ వెలిగాయి. మొదట చెడ్డది చూపించాడన్న వంకతో కాస్త తగ్గించి ఇచ్చాడు కూడా. లాభసాటి బేరం అనుకుంటూ ఇంటికొచ్చాను.

అక్క వాళ్ళ ముందు గది ఇరుకు. ఒక గోడకు మెషిను, ఒక గోడకు దారపు రీళ్ళ అరలు, మధ్యలో బల్ల మీద రెండు కంప్యూటర్లు ఒకదాని వీపు ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి. కరెంటు ప్లగ్గుకు ఎవరి కాలూ తగలకుండా బావ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. రెండింట్లోనూ ఒక చిన్న ప్రోగ్రాము తెరిచాం. ఇక్కడ టైపు చేసిన అక్షరం అక్కడి తెర మీద పడాలి.

అక్క టైపు చేసింది. నా తెర మీద ఏమీ పడలేదు. నేను టైపు చేశాను. అక్క తెరా ఖాళీయే. కేబుల్ పీకి మళ్ళీ పెట్టాం. మరలు బిగించాం. ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరిచాం.

"కేబుల్ మంచిదేనా?" అంది అక్క.

"తొమ్మిదికి తొమ్మిదీ వెలిగాయక్కా. కావాలంటే కంప్యూటరును అనుమానించు గానీ నా కేబుల్‌ను అనకు."

"మీ తమ్ముడి సరుకుకు వంక పెట్టడానికి ఎన్ని గుండెలు నీకు?" అన్నాడు బావ.

రిపేరతనికి ఫోన్ చేశాను. ఎవరి టీవీయో విప్పుకుని కూర్చున్నట్టున్నాడు, హడావిడిగా చెప్పాడు: "కేబుల్ తీసేసి, పోర్టులో రెండో పిన్నూ మూడో పిన్నూ ఏదైనా తీగముక్కతో కలపండి. టైపు చేసింది మీ తెర మీదికే తిరిగొస్తే పోర్టు బాగున్నట్టు." అంతే, పెట్టేశాడు.

కాగితాల క్లిప్పు ఒకటి వంచి అక్క కంప్యూటరుకు పెట్టాను. అక్క ఒక అక్షరం నొక్కింది. అదే అక్షరం చటుక్కున తిరిగొచ్చింది! క్లిప్పు తీస్తే రాలేదు. పెడితే వచ్చింది. నా దానికీ పెట్టి చూశాం. అదీ అంతే. ఇది మంచిదే, అది మంచిదే, కేబుల్ మంచిదే. మూడు మంచి సరుకులు కలిస్తే బేరం ఎందుకు కుదరడం లేదు?

అక్క ఆ క్లిప్పునే చూస్తోంది. "రెండిట్నీ కలిపితే మాట తిరిగొచ్చిందంటే, ఆ పిన్నుల్లో ఒకటి నోరు, ఒకటి చెవి అన్నమాట. ఔనా?"

"ఔను."

"నీ దానికీ నా దానికీ నోరు ఒకే నంబరు పిన్నేనా?"

"ఒకే రకం పోర్టు కదా, ఒకే నంబరు."

"మరి నీ కేబుల్ దేన్ని దేనికి కలుపుతోంది?"

నేను జవాబు చెప్పేలోపే బావ పకపకా నవ్వాడు. "నోటికి నోరు, చెవికి చెవి! మీ అక్కాతమ్ముళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నట్టే ఉంది. ఇద్దరూ చెప్పేవాళ్ళే, వినేవాళ్ళు లేరు."

నాకు నవ్వు రాలేదు. గుండు గల్లా మీద వెలగని బల్బు కళ్ళ ముందు కనబడింది. రెండూ మూడూ వెలగలేదంటే తీగ తెగి కాదు. రెండోది మూడోదానికి పోయింది, మూడోది రెండోదానికి వచ్చింది. అలా అడ్డంగా కలిపి ఉండటమే దాని మంచితనం. వైరు తిన్నగా ఉంటేనే మంచిదని ఇన్నేళ్ళ వ్యాపారం నాకు నేర్పింది. ఆ లెక్కన కావలసిన సరుకును చెడ్డదని వెనక్కిచ్చి, అక్కర్లేని సరుకును ఎంచి ఎంచి తెచ్చుకున్నాను.

గుండుకు ఫోన్ కొట్టాను. "నిన్నటి ఆ మొదటి కేబుల్ పక్కన పెట్టు, వస్తున్నా."

"ఇంకెక్కడిదన్నా? మీలాంటివాళ్ళే పాడైందన్నారంటే నిజంగా పాడైనట్టేగా. కోసేసి రాగి తీసేశా."

గోడ గడియారం చూశాను. వ్యాను వచ్చే వేళ దగ్గర పడుతోంది. డిస్కు చప్పుడు అప్పుడప్పుడూ ఆగి, మళ్ళీ పట్టుకుంటోంది. అది ఆగిన ప్రతిసారీ అక్క ఊపిరి కూడా ఆగుతోంది. కటింగ్ ప్లేయర్ తీసి కేబుల్ నడుమ పెట్టాను. బాగున్న సరుకును చేతులారా కోయడమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టే.

"కొయ్యరా! దానికి ముహూర్తం చూస్తావేంటి?" అంది అక్క.

కోసేశాను. లోపల రంగురంగుల సన్న తీగలు. ఏ రంగు ఏ పిన్నుదో బల్బుతో వెతికాను. ఈ వైపు రెండును ఆ వైపు మూడుకు, ఈ వైపు మూడును ఆ వైపు రెండుకు మెలిపెట్టాను. ఐదోది రెండింటికీ ఉమ్మడి తీగ, దాన్ని తిన్నగానే కలిపాను. టేపు చుట్టే ఓపిక కూడా లేదు.

"నొక్కు!"

అక్క నొక్కింది. నా తెర మీద వంకర గీతలు, చుక్కలు, ముళ్ళు బిలబిలమంటూ పడ్డాయి.

"ఇదేం భాషోయ్?" అన్నాడు బావ, కుర్చీలోంచి లేచి.

"ఏ భాషైతేనేం బావా! నోరు విప్పింది! నువ్వు మాత్రం కూర్చో, ప్లగ్గు!"

"వేగం ఎంత పెట్టావు?" అంది అక్క.

"ఉన్నదాంట్లో అన్నిటికన్నా ఎక్కువది. తొందరగా అయిపోతుందని."

"నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. నాది తొమ్మిది వేల ఆరువందలు. నాది నెమ్మదిగా చెబుతుంటే నువ్వు పరిగెత్తుతూ వింటే ఏం అర్థమవుతుంది?"

నేనూ తొమ్మిది వేల ఆరువందలకు దిగాను. అక్క మళ్ళీ టైపు చేసింది. ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పు లేకుండా, ఒక్కో అక్షరమే వచ్చి నిలబడింది: "ఒరేయ్". నేను వెంటనే "ఏంటక్కా" అని కొట్టాను. అటువైపు అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పక్కపక్కనే కూర్చుని నోటితో చెప్పుకోగలిగిన మాటలే. అయినా ఆ రెండు ముక్కలు చూసినంత ఆనందం ఏ పెద్ద బేరం కుదిరినప్పుడూ నేను పొందలేదు.

"ఇక సింహాన్ని పంపు" అన్నాను.

అక్క బొమ్మల ప్రోగ్రాము తెరిచి, ఫుట్‌బాల్ జట్టు వాళ్ళ సింహాన్ని ఎంచి, పంపమంది. నా కంప్యూటరు వచ్చింది వచ్చినట్టు దాచుకోవడానికి సిద్ధంగా ఉంది. ఏమీ రాలేదు. అక్క తెర మీద ఎంత వెళ్ళిందో చూపే గీత సున్నా దగ్గరే నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో హారన్ మోగింది.

మెషిను కొనే ఆయన లోపలికొచ్చాడు. వెనక కూలీ తాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "సిద్ధమేనా అమ్మా? సందు ఇరుకు, వ్యాను ఎక్కువసేపు ఆపనివ్వరు."

"కూర్చోండి, నీళ్ళు తాగండి" అన్నాడు బావ. తను మాత్రం ప్లగ్గు దగ్గర్నుంచి కదల్లేదు.

"ఇందాక అక్షరాలు వచ్చాయి కదా, ఇప్పుడేమొచ్చింది దీనికి?" అన్నాను గొంతు తగ్గించి.

అక్క కణతలు నొక్కుకుంది. "ఈ ప్రోగ్రాము ఊరికే పంపదురా. అవతల మెషిను 'సిద్ధం' అంటేనే పంపుతుంది. దారం తెగితే మెషిను 'ఆగు' అంటుంది, ఇది ఆగుతుంది."

ఆ మాట వినగానే నాకు విషయం అందింది. బేరంలో ఇద్దరూ గట్టివాళ్ళైతే ఇంతే. ముందు నువ్వు చెప్పంటే ముందు నువ్వు చెప్పని సాయంత్రం దాకా కూర్చుంటారు. ఇక్కడ నా కంప్యూటరు చెబుతూనే ఉండొచ్చు, ఆ మాట మోసే తీగనే నేను కలపలేదు. గుండు ఇచ్చిన కేబుల్‌లో రెండూ మూడూ మాత్రమే కాదు, ఏడూ ఎనిమిదీ కూడా వెలగలేదు!

ఏడుకు ఎనిమిది, ఎనిమిదికి ఏడు. రెండు మెలికలు. చివరిది కలుస్తుండగానే అక్క కేక పెట్టింది.

"కదిలింది! కదిలిందిరా!"

గీత పాకుతోంది. నా తెర మీద అంకెలు వరదలా దిగుతున్నాయి. సింహం మొత్తం వచ్చింది. అక్క దగ్గర ఎంత ఉందో నా దగ్గరా అంతే, ఒక్క అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్షి వచ్చింది. బడి బ్యాడ్జీ వచ్చింది. అక్క వరసగా పంపుతోంది, నేను పేరు పెట్టి దాచుతున్నాను, బావ ప్రతిదానికీ "ఇంకోటి!" అని వేలం పాటలా అరుస్తున్నాడు. డిస్కు కీచుమంటూనే ఉంది. తాళ్ళు పట్టుకున్న కూలీ కూడా వచ్చి మా వెనక నిలబడి చూస్తున్నాడు. చివరి బొమ్మ దిగగానే అన్నీ పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించి, దాన్ని అక్క చేతిలో పెట్టాను.

కొనే ఆయన గొంతు సవరించుకున్నాడు. "వచ్చాయి సరే. కుడతాయా?"

న్యాయమైన ప్రశ్న. సరుకు చూపించాల్సిందే. మెషిను కేబుల్ తెచ్చి నా కంప్యూటరుకు పెట్టాం. మెషినుకు చెప్పాల్సిన మాటలనే అది పట్టుకుంది కాబట్టి, వాటినే మళ్ళీ చెబితే చాలు. అక్క ఫ్రేములో గుడ్డ బిగించి, మీట నొక్కింది. సూది ఒక్క క్షణం ఆగి, టకటకమంటూ పరుగందుకుంది. తోక, వెనక కాళ్ళు, నడుము, జూలు. సింహం పళ్ళతో సహా దిగింది.

కొనే ఆయన గుడ్డ మీద వేలితో రాసి చూశాడు. వెనక్కి తిప్పి ముడులు చూశాడు. తెలిసినవాడే. "బొమ్మలతో కలిపి ఇచ్చేస్తే, అనుకున్నదానికి రెట్టింపు ఇస్తాను" అన్నాడు.

అక్క నావైపు చూసింది. "నువ్వు చెప్పరా. వ్యాపారివి."

రెట్టింపు. ఆ మాట నా చెవికి తీయగానే తగిలింది, అబద్ధమెందుకు? పెరిగిన ధరను కాదన్న రోజు నా జీవితంలో లేదు. కానీ ఆయన ఒక్కసారి ఇచ్చేదెంత, ఈ గది ఏడాదికేడాది ఇచ్చేదెంత? లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అక్కా, ఇప్పుడు చేతిలో పనేముంది?" అన్నాను.

"బ్యాండు వాళ్ళు పక్షి కావాలని రెండుసార్లు ఫోన్ చేశారు. చేయలేనని చెబుదామనుకున్నా. పసుపు దారం కూడా అయిపోయింది."

ఆయనవైపు తిరిగాను. "విన్నారుగా. మెషిను ఖాళీ లేదండీ."

"ముందే చెబితే వ్యాను కిరాయి మిగిలేది కదయ్యా!"

"ముందు మాకే తెలీదండీ. కిరాయి నేనిస్తాను, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

ఆయన కాసేపు గొణిగి, సింహాన్ని ఇంకోసారి చూసి, బయటికి నడిచాడు. అక్క అప్పటికే ఖాళీ రీలు నా చేతిలో పెట్టింది. "ఇదే పసుపు. నిమ్మపండు రంగు తెచ్చావంటే నిన్నే కుట్టేస్తా. పో!"

ఆ రీలు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వ్యాను సందులో తిరగలేక అడ్డంగా ఇరుక్కుని ఉంది. అది కదిలితే గానీ నాకు దారి లేదు. వెనక నిలబడి బండి మీద చరుస్తూ "రానీ, రానీ, ఇంకొంచెం, కుడికి కొట్టు" అని డ్రైవరుకు చెప్పాను. కిటికీలోంచి ఆయన తల బయటపెట్టాడు.

"పోనీ, ఆ పాత కంప్యూటరైనా ఇస్తారా?"

"దాని సంగతి సాయంత్రం మాట్లాడదాం. ముందు బండి తియ్యండి బాబూ, దారం కొట్టు మూసేస్తాడు!"